గొంతు దాచుకున్న మనిషి

ఆదివారం పొద్దున బొజెనా పెనంలో గుడ్లు కొట్టి, ఉల్లికాడలు సన్నగా తరిగి చల్లుతూ, "వితెక్, రొట్టె నువ్వు కోస్తావా, నన్నే కోయమంటావా?" అని మొగుణ్ణి అడిగింది. ముద్దుగా వితెక్ అని పిలిచినా ఆయన పేరు వితోల్ద్. ఆయన పలకలేదు. చెయ్యి చాపి రొట్టె తనవైపు లాక్కున్నాడు. బొజెనా కూడా జవాబు కోసం ఎదురుచూడలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో అంతే. మాటలు ఆడవాళ్ళవి, సైగలు ఆయనవి.

వితోల్ద్ లెక్టర్. వార్సాలో లెక్టర్ అంటే తెలియనివాళ్ళుండరు. పరాయి దేశపు సీరియల్ ఏది వచ్చినా, వెనక అసలు నటులు సన్నగా మాట్లాడుతూ ఉంటే, వాళ్ళ మీదుగా ఒకే ఒక్క గొంతు మొత్తం పోలిష్‌లో చదువుకుంటూ పోతుంది. రాణీ ఆయనే, రాక్షసుడూ ఆయనే, పసిపిల్లా ఆయనే. ఏడుపు చదవడు, నవ్వు చదవడు, మాట ఒక్కటే చదువుతాడు. అయిదు నిమిషాలయ్యేసరికి అలాంటి గొంతొకటుందని చూసేవాళ్ళు మర్చిపోవాలి. జనం తనని మర్చిపోవాలని ఒక మనిషి జీవితమంతా కష్టపడతాడా అని మీరడిగితే నేనేం చెప్పను! వితోల్ద్ పడ్డాడు.

గొంతే ఆయన అన్నం కాబట్టి ఇంట్లో దాన్ని ఖర్చు పెట్టేవాడు కాదు. పోయిన శరదృతువులో మరీ తగ్గించేశాడు. "పని ఎక్కువగా ఉంది, దాచుకోవాలి," అని ఒకసారి గుసగుసగా చెప్పాడు, అంతే. మే నెల వచ్చినా మెడకి ఉన్ని గుడ్డ తీయలేదు. పొద్దున్నే సేజ్ ఆకు మరిగించిన నీళ్ళు పుక్కిలించి ట్రామెక్కి వెళ్ళిపోయేవాడు. బొజెనా దంతవైద్యుడి దగ్గర పనిచేస్తుంది. ఊరందరి నోళ్ళూ చూస్తూ ఇంట్లో మనిషి నోటి సంగతి పట్టించుకోలేదు పాపం.

"నాన్నా, ఈసారి తప్పించుకోలేవు!" అంటూ తడి జుట్టుతో కూతురు కింగా వంటింట్లోకి వచ్చింది. "వచ్చే ఆదివారం మా కార్యక్రమానికి మూడో పుట్టినరోజు. నువ్వు వచ్చి కూర్చోవాలి. జనం మొత్తుకుంటున్నారు."

వితోల్ద్ తల అడ్డంగా ఊపాడు.

"ఒక్క నిమిషం చాలు నాన్నా. 'తొమ్మిదో తీరం' అని సీరియల్ పేరు ఒక్కసారి చదివేసి పో. నువ్వు చదివితే అందరికీ ఒళ్ళు పులకరిస్తుంది."

ఆయన వేలితో గొంతు చూపించి, తర్వాత కిటికీ వైపు, స్టూడియో ఉన్న దిక్కు చూపించాడు.

"ఎప్పుడూ అదే! అక్కడ రాక్షసులకీ మంత్రగత్తెలకీ గంటలు గంటలు పంచిపెడతావు, కన్నకూతురికి ఒక్క నిమిషం లేదు. మా కార్యక్రమం నీకు పిల్లలాటలా కనిపిస్తోంది కదూ? సిగ్గుగా ఉందని చెప్పెయ్, వదిలేస్తాను."

"పొద్దున్నే ఆయన్ని రాపాడకే," అంది బొజెనా. "నీతో మాట్లాడలేదని బాధపడుతున్నావు. నాతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో నేను లెక్క కూడా మర్చిపోయాను. గుడ్లు చల్లారిపోతున్నాయి, తిను."

కింగా మూతి ముడుచుకుని తిన్నది. వారమంతా బీమా కంపెనీలో ఫోన్లు ఎత్తే ఆ పిల్లకి, ఆదివారం మధ్యాహ్నం 'సోఫా మీంచి అంతరిక్షం' ఒక్కటే బతుకు. తన గదిలో మైకు పెట్టుకుని, స్నేహితుడు మివోష్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, అంతరిక్షం సీరియళ్ళ గురించీ మంత్రతంత్రాల సీరియళ్ళ గురించీ ఇంటర్నెట్‌లో మాట్లాడుతుంది. అభిమానులు ఫోన్లు చేసి తమ అభిప్రాయాలు చెబుతారు. చెప్పడమంటే ఏముంది, తన్నుకు చస్తారు. కింగాకి ఆ గోలంటేనే ప్రాణం. వితోల్ద్ గారి అమ్మాయిగా ఆ గుంపులో ఆమెకో ప్రత్యేకమైన పీట ఉండేది, అదీ నిజమే.

ఆ రోజు గోలంతా 'తొమ్మిదో తీరం' గురించే. తరాల తరబడి నక్షత్రాల మధ్య పోయే ఓడ కథ అది. మూడో భాగం చివర్లో, పోయిన మంగళవారం, కెప్టెన్ ఓర్నా చనిపోయింది. బయటి తలుపు తనే తెరిచి, ఓడని కాపాడి, లోపల ఉండిపోయిన కూతుర్ని పేరు పెట్టి పిలుస్తూ చనిపోయింది.

"ఓర్నా తెలివితక్కువది," అన్నాడు గ్దిన్యా నుంచి ఒకాయన. "ఆ తలుపు దూరం నుంచి కూడా తెరుచుకుంటుంది. రెండో భాగంలో చూపించారు!"

"ఆ తీగలు తెగిపోయాయిగా మహానుభావా, నిద్రపోతూ చూశారా?" అంది రదోమ్ నుంచి ఒకావిడ. "నేను మాత్రం రెండు రుమాళ్ళు తడిపేశాను. ఆ ఇంజను ఎలా నడుస్తుందో నాకక్కర్లేదు. తల్లి మనసు నాకర్థమైంది."

"ఈ దేశంలో సైన్సు ఎందుకు బాగుపడదో ఇప్పుడు తెలిసింది," అన్నాడాయన. మివోష్ పడీ పడీ నవ్వాడు.

అప్పుడు బొగూష్ ఫోన్ చేశాడు. ఈ బొగూష్ గారికి లోకంలో నచ్చే వస్తువు లేదు. డ్రాగన్లకి రెక్కలు చిన్నవైపోయాయంటాడు, గ్రహాంతరవాసులు మరీ శుభ్రంగా ఉన్నారంటాడు. ఆయన పేరు తెర మీద కనిపించగానే మివోష్ కళ్ళు తిప్పాడు.

"చెప్పండి బొగూష్ గారూ, ఈ వారం ఏం బాగాలేదు?" అంది కింగా.

"మీ నాన్నగారు."

"ఏమన్నారు?"

"కోప్పడకండి కింగా గారూ. మీ నాన్నగారి గొంతు వింటూ పెరిగినవాణ్ణి నేను. ఆయనకో పద్ధతుంది. చచ్చిపోయేవాళ్ళు ఎవర్నైనా పేరు పెట్టి పిలిస్తే, ఆ పేరు ఆయన చదవరు. ఊరుకుంటారు. ఆ నటి పిలుపు మనకి వినపడాలని. పేరుకి తర్జుమా ఏముంటుంది చెప్పండి? పోయిన మంగళవారం ఓర్నా 'ఇసీ' అని పిలిచింది. వెంటనే దాని మీద ఆయన కూడా 'ఇసీ' అన్నారు. బజార్లో సరుకుల పేర్లు చదివినట్టు."

"మీరు పొరపాటు పడ్డారు," అంది కింగా. "ఈ భాగంలో మా నాన్న చదివినంత బాగా ఎప్పుడూ చదవలేదు. ఎవర్నైనా అడగండి. పోయినేడు కొంచెం బొంగురు వచ్చింది, ఇప్పుడు నిగనిగలాడుతోంది."

"అదే నేననేది. మరీ నిగనిగలాడుతోంది. మధ్యలో ఊపిరి కూడా తీసుకోవడం లేదు. గొంతు ఆయనదే, కానీ చదివింది ఆయన కాదు."

"మీకు ఏదీ నచ్చదు బొగూష్ గారూ! అంతరిక్షం దొరికింది, డ్రాగన్లు దొరికాయి, ఇక మా నాన్న మిగిలాడా?" కింగా సైగ చేసింది, మివోష్ ఫోను కట్ చేశాడు. తెర మీద అభిమానులు చప్పట్లతో నింపేశారు. వితోల్ద్ గారే రాజు అన్నారు. ముసలాయన మళ్ళీ కుర్రాడైపోయాడు అన్నారు. కింగా నవ్వుతూ అవన్నీ పైకి చదివింది.

మివోష్ వెళ్ళగానే ఆమె తలుపేసుకుని ఆ సీను పెట్టుకుంది. కళ్ళు మూసుకుని వింది. ఓర్నా "ఇసీ" అంది. వితోల్ద్ గొంతు, తీరుబడిగా, చక్కగా, "ఇసీ" అంది. మళ్ళీ పెట్టుకుంది. ఇంకోసారి పెట్టుకుంది. మంగళవారం ఇదే సోఫా మీద కూర్చుని ఇదే సీను చూసి ఏడ్చింది తను. అప్పుడెందుకు వినపడలేదు?

వంటింట్లో ఆదివారం కోడి సూప్ సన్నని మంట మీద ఉడుకుతోంది. బొజెనా క్యారెట్లు చెక్కుతోంది. వితోల్ద్ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. కింగా ఫోను బల్ల మీద పెట్టి ఆ సీను వినిపించింది.

"ఇది నువ్వు చదవలేదు కదూ నాన్నా?"

బొజెనా నవ్వింది. "పిచ్చిదానా, ఆయన గొంతు కాక ఎవరిది? నాకు తెలీదూ?"

"నువ్వుండమ్మా. నాన్నా, నిన్నే. ఇది నువ్వేనా?"

వితోల్ద్ ఫోను ఆపేశాడు. తర్వాత నోరు తెరిచాడు. వచ్చింది గొంతు కాదు. తలుపు కింద సందులోంచి గాలి దూరినట్టు ఒక రాపిడి. "కాదు," అన్నాడు. "కంప్యూటర్."

బొజెనా చేతిలో చాకు ఆగిపోయింది. "ఏమిటా గొంతు? జలుబు చేసిందా? వితెక్, ఏమిటా గొంతు?"

ఇక దాచి లాభం లేదని ఆయనకి అర్థమైంది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటూ చెప్పాడు. పోయిన అక్టోబరులో డాక్టరు గొంతులో గొట్టం పెట్టి చూసి, పుండు ఉందన్నాడు. చెడ్డ పుండు, క్యాన్సర్. అప్పుడే కోయించుకుంటే సగం గొంతైనా మిగిలేది. ఆ సంగతే స్టూడియోలో చెబితే, ఆపరేషన్‌కి ముందు వాక్యాలు చదివి ఇచ్చి వెళ్ళు, ఆ తర్వాత నువ్వు లేకపోయినా నీ గొంతు మా దగ్గరుంటుంది, కంప్యూటర్ చదువుకుంటుంది అన్నారు. శీతాకాలమంతా చదివాడు. డాక్టరు రమ్మన్నప్పుడల్లా వచ్చే నెల అన్నాడు. ఇంట్లో మాట్లాడితే అక్కడికి మిగలదని ఇంట్లో నోరు మూసుకున్నాడు. మార్చిలో ఆ చదవడమూ అయిపోయింది, గొంతూ పోయింది. అప్పట్నుంచీ, ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక, పొద్దున్నే ట్రామెక్కి వెళ్ళి సాయంత్రం దాకా పార్కులో బెంచీ మీద కూర్చుని వస్తున్నాడు.

"ఏం వాక్యాలు?" అంది బొజెనా. అంత విన్నాక ఆవిడకి అదొక్కటే అడగాలనిపించింది.

"ఏవో. వాన పడుతోంది. ఈ తలుపు ఎవరిది. కోపంగా కొన్ని. మెల్లగా కొన్ని. నువ్వంటే నాకు ప్రాణం..."

"అదీ చదివావా?"

ఆయన తలూపాడు.

చాకు కిందపడింది. "ఆ పెట్టెకి చెప్పావా! నోట్లో ఆఖరి నాలుగు మాటలు మిగిలితే వాటిని తీసుకెళ్ళి ఒక పెట్టెకి ధారపోసి వచ్చావా! నేను చచ్చాననుకున్నావా వితెక్? రోజూ నీ పక్కన పడుకున్నాను నేను. దాచుకుంటున్నాడు, పని ఉంది, విసిగించకూడదు అని నేను కూడా గుసగుసగా మాట్లాడుకుంటూ బతికాను. పిల్లిలాగా నడిచాను ఈ ఇంట్లో. దేని కోసం? ఎవరి కోసం?"

వితోల్ద్ కింగా వైపు చూశాడు.

"నా కోసమా? నేనేం అడిగాను నిన్ను?"

"నువ్వే అన్నావు. కార్యక్రమంలో. నాన్న గొంతు లేకపోతే ఈ సీరియలే నాకొద్దు అని. అందరూ అదే అన్నారు. కొత్త లెక్టర్ వస్తే చూడం అన్నారు." ఆయన ఆయాసంతో ఆగాడు. "నీకు అదొక్కటే సంతోషం. అది పోతుందేమో అని."

"ఊరికే అన్నాను నాన్నా! అక్కడ అందరం అలాగే అంటాం! ఓర్నాని చంపితే టీవీ పగలగొడతామన్నాం, పగలగొట్టామా? అవి అభిప్రాయాలు నాన్నా, ఉత్త అభిప్రాయాలు! సోఫాలో కూర్చుని చెప్పేవి! వాటి కోసం ఎవరైనా ప్రాణం మీదికి తెచ్చుకుంటారా?"

అరుస్తూనే ఆ పిల్ల నేల మీద కూలబడింది. ఎవర్ని తిడుతున్నదో ఆమెకే తెలీదు. బొజెనా స్టవ్ ఆపేసి, ఫోను తీసుకుని డాక్టర్లకి చేయడం మొదలుపెట్టింది. ఆదివారమని ఎవరూ ఎత్తలేదు. ఆవిడ మాత్రం మానలేదు. చివరికి ఆవిడ పనిచేసే దంతవైద్యుడే ఎవరెవర్నో పట్టుకుని, మర్నాడు పొద్దున్నే ఆస్పత్రిలో మంచం ఇప్పించాడు.

"రేపు వెళ్తున్నాం. గొంతు మొత్తం తీసేస్తారట. తీసేయనీ," అంది. వితోల్ద్ ఏదో అనబోయాడు. "వచ్చే నెల అన్నావంటే చంపేస్తాను," అంది.

ఆ మధ్యాహ్నం ఆయన మాట్లాడాడు. ఇక ఎవరి కోసమూ దాచేది లేదు కదా. వినసొంపుగా ఏమీ లేదు. గరగరా, ఆగుతూ, దగ్గుతూ మాట్లాడాడు. సూప్‌లో ఉప్పు చాలలేదన్నాడు. కింగా చిన్నప్పుడు ట్రామ్‌లో చెప్పు పారేసుకున్న సంగతి చెప్పాడు. పార్కులో రోజూ ఒక ముసలాయన వచ్చి వాతావరణం గురించి మాట్లాడేవాడనీ, తను మూగవాడనుకుని గట్టిగా అరిచేవాడనీ చెప్పాడు. బొజెనా నవ్వింది, వెంటనే ముఖం కప్పుకుంది. కింగా చప్పుడు కాకుండా ఫోను బయటికి తీసింది, రికార్డు చేద్దామని.

బొజెనా చూసింది. "ఇంకా చాలలేదూ? పెట్టెలకి ఇచ్చింది ఇంకా చాలలేదూ?"

కింగా ఫోను లోపల పెట్టేసింది. దానికి తర్వాత ఎంత ఏడ్చిందో ఎవరికి తెలుసు! సోమవారం ఆస్పత్రి తలుపు దగ్గర ఆయన ఇద్దర్నీ ఆపి, "పక్కకి జరగండి, బండి వస్తోంది," అన్నాడు. వెనక చక్రాల మంచం తోసుకొస్తున్నారు. ఆ తర్వాత నర్సు లోపలికి తీసుకెళ్ళిపోయింది. ఆయన నోటి నుంచి వాళ్ళు విన్న ఆఖరి మాట అదే.

ఆపరేషన్ అయింది. మనిషి దక్కాడు. అప్పటికే జబ్బు కొంత మెడలోకి పాకిందనీ, ఎన్నాళ్ళని ఇప్పుడే చెప్పలేమనీ డాక్టరు మెల్లగా చెప్పాడు. అక్టోబరులో వచ్చి ఉంటే అని మొదలుపెట్టి, బొజెనా ముఖం చూసి ఆపేశాడు. మెడ దగ్గర ఒక కన్నం, దాని మీద పల్చటి గుడ్డ. ఊపిరి అక్కణ్ణుంచే.

పుట్టినరోజు కార్యక్రమం ఆ ఆదివారం రానే వచ్చింది. కింగా ఆస్పత్రిలో తండ్రిని అడిగింది, చెప్పేయనా అని. ఆయన భుజాలెగరేశాడు. ఆమె మైకు ముందు కూర్చుని అంతా చెప్పేసింది. ఏడవకుండా చెప్పింది. మివోష్ ఏడ్చాడు.

తెర మీద అభిమానులు అయ్యో అన్నారు, పాపం అన్నారు, దేవుడున్నాడన్నారు. మనసారానే అన్నారు, కాదనను. ఆ తర్వాత ఒకడు, మరి నాలుగో భాగం ఎవరు చదువుతారు అని అడిగాడు. ఆ కంప్యూటరే చదవాలి, చక్కగా ఉంది కదా అన్నాడు ఇంకొకడు. నిజం చెప్పాలంటే ముసలాయన పోయినేడు విసిగించాడు అని మరొకడు. అలా అనడం తప్పని ఒకావిడ. తప్పేముంది, ఎవరి అభిప్రాయం వాళ్ళదని గ్దిన్యా ఆయన. కెప్టెన్ ఓర్నా గురించి ఎలా తన్నుకున్నారో సరిగ్గా అలాగే తన్నుకున్నారు. కింగా ఆ మాటలన్నీ చూస్తూ కూర్చుంది. వాళ్ళ మీద ఆమెకి కోపం కూడా రాలేదు. మూడేళ్ళుగా తను చేసిందీ అదే కదా అనిపించింది.

బొగూష్ ఫోన్ చేశాడు.

"నేను చెప్పకుండా ఉండాల్సింది కింగా గారూ," అన్నాడు. "నా నోటి దురద."

"లేదు బొగూష్ గారూ." అప్పుడు కట్టలు తెంచుకుంది ఆమె ఏడుపు. "ఇంతమందిలో ఆయన్ని మీరొక్కరే విన్నారు. నేను వినలేదు. ఒక్క ఇంట్లో ఉండి, ఒక్క బల్ల మీద తింటూ, ఆర్నెల్లుగా ఆయన నాతో మాట్లాడడం లేదని కూడా నాకు తెలీలేదు. రోజూ టీవీలో వినపడుతున్నాడుగా, నాకది చాలింది. తనని ఎవరూ గమనించకూడదు, అదే తన పని అనేవాడు నాన్న. నేను బాగా నేర్చుకున్నాను." మివోష్ మైకు ఆపేశాడు.

జూన్‌లో వితోల్ద్ ఇంటికొచ్చాడు. సగమయ్యాడు. ఒక మంగళవారం సాయంత్రం ఎండ ఇంకా ఉంది, ఎదురు భవనంలో కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. 'తొమ్మిదో తీరం' మళ్ళీ మొదటి నుంచి వేస్తున్నారు, పాత భాగాలు కూడా ఆ కంప్యూటర్ గొంతుతో. ముగ్గురూ బాల్కనీలో టీ తాగుతూ ఉండగా పక్కింట్లోంచి మొదలైంది. పై అంతస్తు నుంచీ, కింద నుంచీ అదే. వితోల్ద్ గొంతు, కుర్రతనంలో ఉన్నట్టు, అన్ని కిటికీల్లోంచీ హాయిగా, "నొప్పేమీ లేదు. మనం ఇంటికి వెళ్తున్నాం," అంటోంది.

వితోల్ద్ కప్పు కింద పెట్టాడు. ఆయన ముఖం చూడలేక కింగా తల తిప్పుకుంది. బొజెనా లేచింది. ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించి కూర్చోబెట్టి, బాల్కనీ తలుపు దభాలున మూసి గడియ పెట్టింది.

"ఎవడో పరాయివాడు వాగుతున్నాడు," అంది. "మా ఇంట్లో మనిషి మా ఇంట్లో ఉన్నాడు."

గది ఉక్కపోసింది. అయినా ఎవరూ తలుపు తీయలేదు. వితోల్ద్ కింగా వైపు తిరిగి పెదవులు కదిపాడు. చప్పుడు లేదు. ఆమె కుర్చీ లాక్కుని, మోకాళ్ళు ఆయన మోకాళ్ళకి తగిలేంత దగ్గరగా కూర్చుని, ఆ పెదవుల వంకే చూసింది. ఎంత చూసినా ఒక్క ముక్క అంతుపట్టలేదు. కళ్ళలో నీళ్ళు అడ్డొస్తుంటే తుడుచుకుంది.

"అర్థం కాలేదు నాన్నా, మళ్ళీ చెప్పు," అంది.

ఆయన మళ్ళీ చెప్పాడు.

"ఇంకా అర్థం కాలేదు. కంగారు లేదు, ఇంకోసారి చెప్పు."

ఆయన ఇంకోసారి, మెల్లగా, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.